స్పృహలేని రోగి మెడకి ఏ స్కాన్, ఎప్పుడు: క్యాజువాల్టీ నుంచి కాలర్ తీసేదాకా

బైక్ యాక్సిడెంట్, హెల్మెట్ లేదు, జీసీఎస్ (స్పృహ కొలిచే స్కోరు, 3 నుంచి 15 దాకా) 7, ఊపిరికి ట్యూబ్ వేశారు, సీటీ బ్రెయిన్ రాశారు. మరి మెడ సంగతేంటి అని అడిగితే "కాలర్ వేశాం కదా సార్" అంటారు. మన దగ్గర చాలా క్యాజువాల్టీల్లో రాత్రిపూట మెడ కథ అక్కడితో ఆగిపోతుంది. తర్వాత న్యూరోసర్జన్ తల చూసుకుంటాడు, ఆర్థో వాళ్లు తొడ ఎముక చూసుకుంటారు, ఐసీయూ వాళ్లు వెంటిలేటర్ చూసుకుంటారు, మెడ మాత్రం ఎవరి ఖాతాలోనూ పడదు. కొన్నాళ్లకి గడ్డం కిందో, తల వెనకో పుండు కనపడితే అప్పుడు అందరికీ కాలర్ గుర్తొస్తుంది.

ఇది హౌస్ సర్జన్లకి, డ్యూటీ డాక్టర్లకి, రాత్రి సీటీ రూంలో ఉండే టెక్నీషియన్లకి రాస్తున్నాను. నేను చెప్పేది ఒక్కటే. స్పృహలేని రోగి మెడకి దెబ్బ ఉందా లేదా అన్నది తల స్కాన్ తీసే సిటింగ్‌లోనే తేల్చడానికి చూడండి, తేలిన జవాబుని ఎవరో ఒకరు సంతకం పెట్టి కేస్ షీట్లో రాయండి. మీ హాస్పిటల్ ప్రోటోకాల్, మీ సీనియర్ మాట ఎలాగూ ఉంటాయి, వాటిని దగ్గర పెట్టుకునే చదవండి.

1. ఎవరికి తీయాలి

మెలకువగా ఉన్న రోగి అయితే స్కాన్ లేకుండానే మెడని క్లియర్ చేయొచ్చు, దానికి రెండు పేరున్న రూల్స్ ఉన్నాయి. ఒకటి నెక్సస్, 2000లో వచ్చింది. మెడ మధ్యలో నొక్కితే నొప్పి లేకపోవడం, నరాల లోపం లేకపోవడం, పూర్తి మెలకువ, మత్తు లేకపోవడం, దృష్టి మళ్లించే పెద్ద దెబ్బ ఇంకెక్కడా లేకపోవడం, ఈ ఐదూ ఉంటే ఇమేజింగ్ అక్కర్లేదు. రెండోది 2001 నాటి కెనడియన్ సీ-స్పైన్ రూల్, అది జీసీఎస్ 15 ఉన్నవాళ్లకే. రెండిట్లోనూ మొదటి షరతు రోగి మనతో మాట్లాడగలగడం. స్పృహలేనివాడి దగ్గర ఈ రెండూ పనికిరావు. అందుకే పెద్దవాళ్లలో మొద్దు దెబ్బ (గుచ్చుకోని దెబ్బ) తగిలి స్పృహ లేకపోతే మెడ సీటీ తీయాల్సిందే, ఇందులో ఆలోచించడానికేం లేదు.

ఆ నెక్సస్ అధ్యయనంలోనే 34,069 మందిలో 818 మందికి మెడపూసల దెబ్బ దొరికింది, అంటే వందకి ఇద్దరు ముగ్గురు. చూడ్డానికి చిన్న అంకె. కానీ అందులో మెలకువగా ఉన్నవాళ్లు కూడా కలిసి ఉన్నారు, తలకి గట్టి దెబ్బ తగిలినవాళ్లలో రిస్క్ ఇంతకంటే ఎక్కువ.

"మందు వాసన వస్తోంది సార్, పొద్దున్నకి లేస్తాడు" అన్న మాట నమ్మకండి. తాగినవాడికే మెడ విరగదని ఏమీ లేదు. అలాగే మన వైపు వచ్చే కేసుల్లో కొన్నింటిని చూడగానే మెడ గుర్తు రావాలి. ఎండాకాలం బావిలోకి, కాలువలోకి తలకిందులుగా దూకిన కుర్రాళ్లు, తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులు, బండి చక్రంలో చున్నీ చుట్టుకుని పడిపోయిన ఆడపిల్లలు, ఉరి నుంచి దించి తెచ్చినవాళ్లు, ఇంకా బాత్రూంలో జారిపడ్డ 70 ఏళ్ల పెద్దావిడ. ఆ చివరి కేసునే మనం ఎక్కువగా తేలిగ్గా తీసుకుంటాం. నిలబడ్డ ఎత్తు నుంచి పడినా ముసలివాళ్లలో ఒడొంటాయిడ్ (రెండో మెడపూస మీద పైకి పొడుచుకొచ్చిన ఎముక, దీన్నే డెన్స్ అనీ అంటారు) విరుగుతుంది.

తుపాకీ, కత్తి లాంటి గుచ్చుకున్న గాయాలు వేరే దారి, వాటి సంగతి ఇక్కడ చెప్పట్లేదు.

2. సీటీ రూంకి కదిలే ముందు రెండు నిమిషాలు

ట్యూబ్ వేయడానికి పెరాలిసిస్ మందు ఇవ్వబోతున్నారా? ఇచ్చేముందు ఒక్కసారి నొప్పి కలిగించి చూడండి, రెండు చేతులూ రెండు కాళ్లూ కదిలిస్తున్నాడా లేదా. మందు ఎక్కాక ఆ సమాచారం గంటల తరబడి దొరకదు, ఆ తర్వాత సెడేషన్ మొదలైతే రోజుల తరబడి దొరకదు. కింద చెప్పబోయే ఎంఆర్ఐ నిర్ణయం చాలావరకు ఈ ఒక్క పరీక్ష మీదే ఆధారపడుతుంది. అందుకే చూసింది చూసినట్టు టైంతో సహా రాసిపెట్టండి.

స్పృహ లేకపోయినా వెన్నుపాము దెబ్బ తన గుర్తులు చూపిస్తుంది. బీపీ తక్కువగా ఉండి పల్స్ వేగంగా ఉండాల్సింది పోయి నెమ్మదిగా ఉండటం, ఛాతీ కదలకుండా పొట్టతోనే ఊపిరి తీయడం, కాలర్ బోన్‌కి పైన గిచ్చితే ముఖం చిట్లించి కింద ఎక్కడ గిచ్చినా చలనం లేకపోవడం, మోచేతులు మడవగలిగి చాపలేకపోవడం, మగవాళ్లలో ప్రయాపిజం (అంగం దానంతటదే నిక్కి ఉండటం), లాగ్ రోల్ చేసినప్పుడు (ఒళ్లంతా ఒకే దుంగలా పక్కకి తిప్పినప్పుడు) మలద్వారం బిగువు లేకపోవడం. వీటిలో ఏది కనపడినా రాయండి, సీనియర్‌కి చెప్పండి.

మెడ కదలకుండా తలని ఒకరు చేతులతో పట్టుకునే ట్యూబ్ వేయాలి, అప్పుడు కాలర్ ముందు భాగం విప్పినా ఫరవాలేదు. హార్డ్ బోర్డు మోసుకెళ్లడానికే, పడుకోబెట్టడానికి కాదు. టేబుల్ మీదికి మార్చాక తీసేయండి.

ఇంకొక మాట. రక్తం పోతూ బీపీ నిలవని రోగిని మెడ సీటీ కోసం ఆపకూడదు. కాలర్ ఉంచి ఓటీకి పంపండి, మెడ ఆగుతుంది, రక్తస్రావం ఆగదు. తర్వాత స్కాన్ తీయాలన్నది మాత్రం మర్చిపోకుండా రాసి పంపండి.

3. ఎక్స్‌రేతో సరిపెట్టుకోకండి

పాత పుస్తకాల్లో మూడు ఫిలింలు ఉండేవి. పక్క నుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి, నోరు తెరిపించి ఒడొంటాయిడ్ కోసం ఒకటి. నోట్లో ట్యూబ్ ఉన్నవాడికి మూడోది కుదరదు. మొదటిదాంట్లో భుజాలు అడ్డొచ్చి సీ7 (ఏడో మెడపూస) కనపడదు, సీ7 కోసం స్విమ్మర్స్ వ్యూ అంటూ చెయ్యి పైకెత్తి ఇంకో పావుగంట పోతుంది. ఇంతా చేసి ఎంత దొరుకుతుందంటే, 2005లో వచ్చిన ఒక మెటా ఎనాలిసిస్ లెక్కలో ఎక్స్‌రే సెన్సిటివిటీ (ఉన్న దెబ్బని పట్టుకునే శక్తి) 52 శాతం, సీటీది 98 శాతం. సగం మిస్సయ్యే పరీక్ష చేసి "నార్మల్" అని రాయడం కంటే ఏమీ చేయకుండా కాలర్ ఉంచడమే నయం, కనీసం తప్పుడు ధైర్యం ఉండదు. మెడని వంచి, చాపి తీసే ఫ్లెక్షన్-ఎక్స్‌టెన్షన్ ఫిలింలు స్పృహలేని రోగికి అస్సలు వద్దు. ఒకప్పుడు ఫ్లూరోస్కోపీ కింద చేసేవాళ్లు. ప్రమాదం ఎక్కువ, తెలిసేది తక్కువ.

4. సీటీ ఎలా తీయించాలి

రిక్వెస్ట్ ఫారంలో "సీటీ బ్రెయిన్ + సీ స్పైన్" అని రాస్తే చాలదు, పుర్రె అడుగు నుంచి టీ1 (మొదటి ఛాతీ పూస) కింది అంచు దాకా అని రాయండి. ఎందుకంటే తప్పిపోయే దెబ్బలు ఎక్కువగా రెండు చివర్లలోనే ఉంటాయి, పైన ఆక్సిపుట్ (పుర్రె వెనక అడుగు)-సీ1-సీ2, కింద సీ7-టీ1.

కొన్ని చోట్ల బ్రెయిన్ స్కాన్‌నే ఇంకాస్త కిందికి లాగి "మెడ కూడా వచ్చింది సార్" అంటారు. అది మెడ సీటీ కాదు. బ్రెయిన్ స్కాన్ స్లైసులు మందంగా ఉంటాయి, చాలా మెషిన్లలో గ్యాంట్రీ (మెషిన్ రింగు) వంచి తీస్తారు. 5 మి.మీ. స్లైసుల నుంచి సాజిటల్ (పక్క నుంచి చూసే కోత) తీస్తే మెట్లు మెట్లుగా వస్తుంది, సన్నటి అడ్డ విరుగు అందులో కలిసిపోతుంది. మెడకి వేరే హెలికల్ స్కాన్ కావాలి, 1 మి.మీ. దరిదాపుల్లో రీకన్‌స్ట్రక్షన్ ఉండాలి, 3 మి.మీ. కంటే తక్కువ అన్నది కనీస షరతు. ఎముక కెర్నల్‌లో (బొమ్మ తయారుచేసే సెట్టింగ్) ఒకటి, సాఫ్ట్ టిష్యూ కెర్నల్‌లో ఒకటి, రెండింటికీ సాజిటల్, కొరోనల్ (ముందు నుంచి చూసే కోత) రీఫార్మాట్లు. మల్టీస్లైస్ మెషిన్ మీద ఇదంతా అదనంగా తీసుకునే టైం నిమిషంలోపే. రోగిని టేబుల్ మీదికి ఎక్కించి దించడానికే పది నిమిషాలు పట్టే చోట దీన్ని రెండో ట్రిప్‌కి వాయిదా వేయడంలో అర్థం లేదు.

టెక్నీషియన్లు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కాలర్ తీయక్కర్లేదు, మామూలు ప్లాస్టిక్ కాలర్ బొమ్మని పాడుచేయదు. చెవి కమ్మలు, ముక్కుపుడక, గొలుసు, పుస్తెలతాడు తీయించండి, తీయకపోతే స్ట్రీక్స్ సరిగ్గా కావాల్సిన చోటే పడతాయి. తీసినవి సిస్టర్ చేతికో, ఇంటివాళ్ల చేతికో ఇచ్చి రాయించుకోండి, తర్వాత గొడవ ఉండదు. తల, మెడ తీసేటప్పుడు చేతులు కిందికి ఉండాలి, భుజాలు ఎంత కిందికి దిగితే సీ7-టీ1 అంత బాగా వస్తుంది. అలాగని చేతులు పట్టుకుని గట్టిగా గుంజొద్దు, మెడలో లిగమెంట్లు తెగి ఉంటే ఆ గుంజుడే కొంప ముంచుతుంది. షీట్‌తో మెల్లగా కిందికి సర్ది కట్టేస్తే చాలు. ఛాతీ, పొట్ట కూడా తీయాల్సి ఉంటే తల-మెడ అయ్యాక, భుజాలకి దెబ్బ లేదని తెలిస్తేనే, చేతులు పైకెత్తి అది తీయండి. రోగి దగ్గినా, కదిలినా ఒడొంటాయిడ్ దగ్గర రెండు గీతలు పడి విరుగులా కనపడుతుంది, అప్పుడు ఆ ఒక్క భాగం మళ్లీ తీయండి.

రోగి టేబుల్ దిగకముందే కన్సోల్ మీద సాజిటల్ ఒకసారి తిప్పి చూడండి. టీ1 పూర్తిగా వచ్చిందా, భుజాల నీడలో సీ7 మసకబారిందా? ఇప్పుడైతే మళ్లీ తీయడం ఒక బటన్. ఐసీయూకి వెళ్లాకైతే వెంటిలేటర్, పంపులు, ఆక్సిజన్ సిలిండర్, లిఫ్ట్ బాయ్, అన్నీ మళ్లీ మొదట్నుంచి.

5. బొమ్మ చదవడం

రిపోర్ట్ రేడియాలజిస్ట్ ఇస్తారు, నిజమే. కానీ రాత్రి రెండింటికి మీరే మొదటి పాఠకులు, కాబట్టి ఒక వరుస అలవాటు చేసుకోండి.

సాజిటల్‌లో మధ్య స్లైస్ దగ్గర ఆగండి. పూసల ముందు అంచు, వెనక అంచు, స్పైనోలామినార్ గీత (వెన్ను కెనాల్ వెనక గోడ గీత), ఈ మూడూ తెగకుండా సాఫీగా పోవాలి. పైన, పుర్రె అడుగున ఉన్న బేసియాన్ నుంచి డెన్స్ కొస దాకా కొలవండి, పెద్దవాళ్లలో సీటీ మీద 8.5 మి.మీ. దాటితే ఆక్సిపుట్ దగ్గర లిగమెంట్లు తెగాయేమో అని భయపడాలి. ఎక్స్‌రే రోజుల్లో నేర్చుకున్న 12 మి.మీ. లెక్క సీటీకి వాడొద్దు. సీ1 ముందు ఆర్చ్‌కీ డెన్స్‌కీ మధ్య సందు పెద్దవాళ్లలో 3 మి.మీ. లోపు ఉండాలి, సీటీలో 2 దాటినా రెండోసారి చూడండి. తర్వాత డిస్కుల ఎత్తులు. ఒక డిస్క్ మాత్రమే ముందువైపు తెరుచుకున్నట్టు ఉంటే, లేదా రెండు స్పైనస్ ప్రాసెస్‌ల మధ్య దూరం పైనా కిందా కంటే ఎక్కువగా ఉంటే, ఎముక విరగకపోయినా లిగమెంట్ తెగి ఉండొచ్చు.

ఇప్పుడు మధ్య నుంచి పక్కకి జరగండి, ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. ఫాసెట్లు (పూసల వెనకవైపు చిన్న కీళ్లు) పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కప్పుకుని వరుసగా దిగాలి. ఏదో ఒక స్థాయిలో పై పెంకు కింది పెంకు ముందుకి జారి కూర్చుంటే అది ఫాసెట్ డిస్‌లొకేషన్. ఒకవైపే జారితే పూస సుమారు పావువంతు ముందుకి వస్తుంది, రెండువైపులా జారితే సగం దాకా. ఒకవైపు జారినదాన్ని మధ్య స్లైస్ మీద "కొంచెం లిస్థెసిస్ (పూస జారడం), వయసు వల్ల" అనుకుని వదిలేస్తారు. కుడి ఫాసెట్లు సీ2 నుంచి టీ1 దాకా, మళ్లీ ఎడమవి సీ2 నుంచి టీ1 దాకా, పూస పూసకీ ఆగుతూ చూడండి.

కొరోనల్‌లో చూడాల్సింది ముఖ్యంగా పై భాగమే. ఆక్సిపిటల్ కాండైల్స్, సీ1 లేటరల్ మాసులు, డెన్స్ మొదలు. సీ1 మాసులు సీ2 మీంచి రెండువైపులా బయటికి వచ్చాయా, రెండు వైపులదీ కలిపితే 7 మి.మీ. దాటిందా? దాటితే ట్రాన్స్‌వర్స్ లిగమెంట్ మీద అనుమానం. తల కొద్దిగా పక్కకి తిరిగి ఉన్నా డెన్స్‌కి ఒకవైపు సందు పెద్దదిగా కనపడుతుంది, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

ఏక్సియల్ (అడ్డ కోత) స్లైసుల్లో సీ1 రింగు, లామినాలు, ట్రాన్స్‌వర్స్ ఫొరామెన్లు చూడండి. ఆఖరున సాఫ్ట్ టిష్యూ విండో పెట్టి పూసల ముందు వాపు, కెనాల్‌లో రక్తం, డిస్క్ చూడండి. ట్యూబ్ వేసినవాళ్లలో ముందు వాపు కొలతల్ని నమ్ముకోలేం, గొంతులో స్రావాలు, ట్యూబ్ కలిసి లెక్క తప్పిస్తాయి. కానీ స్పష్టంగా ఒకచోట ఉబ్బి ఉంటే వదలొద్దు. కింద ఊపిరితిత్తుల కొసలు కూడా స్కాన్‌లో వస్తాయి, అక్కడ న్యూమోథొరాక్స్ దొరికిన రోజులు ఉంటాయి.

ఒక విరుగు దొరికిందని ఆగిపోకండి. మెడలో ఒకటి దొరికితే వెన్నులో దూరంగా ఇంకోటి ఉండే అవకాశం బాగానే ఉంటుంది, మొత్తం వెన్ను చూడాలి. ఛాతీ-పొట్ట సీటీ ఇప్పటికే అయి ఉంటే దాని డేటా నుంచే థొరాసిక్, లంబార్ రీఫార్మాట్లు అడగండి, రోగిని మళ్లీ కదపక్కర్లేదు.

6. సీటీ నార్మల్. కాలర్ తీయొచ్చా?

అసలు గొడవంతా ఈ ప్రశ్న దగ్గరే. "లిగమెంట్ దెబ్బ సీటీలో కనపడదు కదా, ఎంఆర్ఐ దాకా ఉంచుదాం" అంటారు. వినడానికి జాగ్రత్తగానే ఉంటుంది. కానీ కాలర్ ఊరికే ఉండే వస్తువు కాదు. మెడ సిరల్ని నొక్కి తలలో ప్రెషర్ పెంచుతుంది, తల గాయం ఉన్నవాడికి అదే చాలు కొత్త తలనొప్పి తేవడానికి. చర్మం చెడుతుంది, సెంట్రల్ లైన్ కష్టం, నోరు శుభ్రం చేయడం కష్టం, ట్యూబ్ జారితే మళ్లీ వేయడం ఇంకా కష్టం. ఇక ఎంఆర్ఐకి వెంటిలేటర్ మీదున్నవాణ్ణి తీసుకెళ్లడమంటే ఆ గంటన్నర అందరికీ టెన్షనే.

మరి వదిలేస్తే ఎంత మిస్సవుతాం? అమెరికాలోని ఈస్ట్ అనే ట్రామా సర్జన్ల సంస్థ 2015లో దీని మీదే గైడ్‌లైన్ ఇచ్చింది. మంచి సీటీ నార్మల్ అయిన స్పృహలేని రోగులు, 11 అధ్యయనాల్లో కలిపి 1,718 మంది. తర్వాత ఎంఆర్ఐ వగైరాల్లో 161 మందికి ఏదో ఒక స్థిరమైన (పూసలు జారే ప్రమాదం లేని) దెబ్బ కనపడింది, అస్థిరమైన దెబ్బ మాత్రం ఒక్కరికీ లేదు. అందుకే సీటీ ఒక్కదాని మీదే కాలర్ తీయొచ్చని, బలహీనమైన సిఫారసుగానే అయినా, చెప్పారు. 2016లో అమెరికాదే ఇంకో అధ్యయనం, పలు సెంటర్లలో 10,276 మంది మీద జరిగింది, అందులో స్పృహ ఉన్నవాళ్లూ ఉన్నారు. సీటీ తప్పిన ముఖ్యమైన దెబ్బలు మూడే మూడు, ఆ ముగ్గురికీ మొదటి పరీక్షలోనే నరాల లోపం కనపడింది. రెండో భాగంలో చేతులు కాళ్లు చూసి రాయమని అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. స్కాన్ పుర్రె అడుగు నుంచి టీ1 దాకా సన్నటి స్లైసుల్లో వచ్చి, కదలికతో చెడకుండా, అనుభవం ఉన్న రేడియాలజిస్ట్ ఫైనల్‌గా నార్మల్ అని చెప్పి, రోగి నాలుగు అవయవాలూ కదిలించి, వెన్ను గట్టిపడ్డ జబ్బు లేకపోతే, ఆ రోజే కాలర్ తీసేయాలి. ఇందులో ఒక్క షరతు తప్పినా తీయకూడదు. రాత్రి ఫోన్‌లో ఫొటోలు చూసి "ఓకే" అన్నది ఫైనల్ రిపోర్ట్ కాదు.

7. ఎంఆర్ఐ ఎవరికి

నరాల లోపం ఉన్నవాళ్లకి, సీటీ నార్మల్ అయినా సరే. సీటీలో డిస్క్ తెరుచుకోవడం, ఫాసెట్ సందు పెరగడం లాంటి అనుమానం ఉన్నవాళ్లకి. సర్జరీ ప్లాన్ చేస్తున్నవాళ్లకి. ఇంకా యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, డిష్ ఉన్నవాళ్లకి. వీళ్ల వెన్ను ఒకే కర్రలా బిగిసి ఉంటుంది, చిన్న దెబ్బకే అడ్డంగా విరుగుతుంది, విరిగితే పూర్తిగా అస్థిరం, పైగా సీటీలో గీత కనపడకపోవచ్చు. ఇలాంటివాళ్ల మెడ ముందే ముందుకి వంగి ఉంటే తల కింద దిండ్లు పెట్టి ఆ వంపులోనే ఉంచండి, నిటారుగా చేసి కాలర్ బిగించడం వల్లే వెన్నుపాము దెబ్బతినొచ్చు.

తీయాలనుకుంటే 72 గంటల లోపు తీయించండి, ఆ తర్వాత వాపు తగ్గి లిగమెంట్ దెబ్బ స్టిర్ (వాపుని తెల్లగా చూపే ఎంఆర్ఐ సీక్వెన్స్) మీద మసకబారుతుంది. అడగాల్సిన సీక్వెన్సులు (ఇక్కడ టీ1, టీ2 అంటే పూసలు కావు) సాజిటల్ టీ1, టీ2, స్టిర్, ఏక్సియల్ టీ2, రక్తం కోసం గ్రేడియెంట్ సీక్వెన్స్. రూం లోపలికి వెళ్లేముందు ఐసీపీ (తలలో ప్రెషర్ కొలిచే) ప్రోబ్, బయటి ఫిక్సేటర్, పేస్‌మేకర్, ఆక్సిజన్ సిలిండర్, ఇన్ఫ్యూజన్ పంపులు అన్నీ లెక్కచూసుకోండి. స్పృహలేనివాడు "నా ఒంట్లో రాడ్ ఉంది" అని చెప్పలేడు, ఇంటివాళ్లనే అడగాలి.

8. మెడ రక్తనాళాలు

విరుగు సీ1 నుంచి సీ3 మధ్య ఉన్నా, ట్రాన్స్‌వర్స్ ఫొరామెన్ గుండా పోయినా, పూస జారినా, కరోటిడ్ కెనాల్ గుండా పుర్రె అడుగు విరిగినా, లెఫోర్ట్ 2 లేదా 3 (ముఖం ఎముకల పెద్ద విరుగు) ఉన్నా, ఉరి కేసైనా, మెడ మీద సీట్‌బెల్ట్ వాత ఉండి వాపు ఉన్నా సీటీ యాంజియో తీయండి. చున్నీ కేసులు అధికారిక జాబితాల్లో పేరుపెట్టి ఉండవు కానీ బిగింపు అదే, నేనైతే వాళ్లనీ ఇందులోనే కలుపుతాను. సీటీ బ్రెయిన్‌కీ రోగి పరిస్థితికీ పొంతన లేకపోయినా ఇదే గుర్తు రావాలి. దెబ్బ తగిలిన నాళంలో గడ్డ కట్టి స్ట్రోక్ రావడానికి కొన్ని గంటలు, కొన్నిసార్లు రోజులు పడుతుంది, మందు ఇచ్చి ఆపగలిగేది ఆ మధ్యలోనే.

9. పిల్లలు

పిల్లలకి ఈ లెక్కంతా కాస్త మారుతుంది, థైరాయిడ్ మీద రేడియేషన్ ఉంది కాబట్టి. 2024లో వచ్చిన పీకార్న్ (పిల్లల ఎమర్జెన్సీ పరిశోధన బృందం) రూల్ ప్రకారం జీసీఎస్ 3 నుంచి 8, లేదా ఊపిరి, రక్తప్రసరణ దెబ్బతినడం, లేదా నరాల లోపం ఉంటే నేరుగా సీటీ. జీసీఎస్ 9 నుంచి 14 మధ్య ఉన్నవాళ్లకి ముందు ఎక్స్‌రే. చిన్నపిల్లల్లో దెబ్బ ఎక్కువగా పై పూసల్లో ఉంటుంది, సీ2-సీ3 కొద్దిగా జారినట్టు కనపడటం మాత్రం వాళ్లలో మామూలే. సీటీ నార్మల్ అయినా నరాల లోపం ఉంటే ఎంఆర్ఐ తప్పదు.

10. సీటీ లేని చోట, పంపించేటప్పుడు

పీహెచ్‌సీలో, ఏరియా హాస్పిటల్లో ఉంటే మెడ ఎక్స్‌రేల కోసం 108ని ఆపకండి. కాలర్ లేకపోతే తలకి రెండువైపులా చుట్టిన దుప్పట్లు పెట్టి నుదుటి మీద టేపు వేసి పంపండి. సీటీ మీ దగ్గరే తీసి పైకి పంపుతుంటే ఫిలిం ఒక్కటే ఇవ్వొద్దు, సన్నటి స్లైసుల డేటా మొత్తం సీడీలో పెట్టివ్వండి. ఫిలిం మీద అచ్చువేసిన చిన్న బొమ్మల నుంచి ఎవరూ రీఫార్మాట్ చేయలేరు, పై హాస్పిటల్ వాళ్లు స్కాన్ మళ్లీ తీస్తారు, ఇంటివాళ్లు మళ్లీ డబ్బు కడతారు.

కేస్ షీట్లో రాయాల్సింది పెద్దగా ఏం లేదు. "మెడ సీటీ పుర్రె అడుగు నుంచి టీ1 కింది అంచు దాకా వచ్చింది, కదలిక లేదు, ఫైనల్ రిపోర్ట్ నార్మల్. సెడేషన్‌కి ముందు రెండు చేతులు, రెండు కాళ్లు కదిలించాడు. కాలర్ తీశాం." తేదీ, టైం, పేరు, సంతకం. తీయలేదంటే ఎందుకు తీయలేదో, దేనికోసం ఆగుతున్నామో, మళ్లీ ఎవరు ఎప్పుడు చూస్తారో ఒక లైన్. దాంతోపాటు కాలర్ పెట్టిన టైం కూడా రాయండి, చర్మం చూడ్డానికి వచ్చే ఐసీయూ సిస్టర్ మొదట అడిగేది అదే.